రెండు గిటార్ల జాజ్: 1929 నాటి జంట మేలా, 1974 నాటి జంట మేలా?

డ్రమ్స్ లేవు, బేస్ లేదు, ట్రంపెట్ లేదు, పాడేవాళ్లూ లేరు. ఉన్నవి రెండు గిటార్లే. ఇలాంటి రికార్డు పెట్టగానే మన చెవి సోలో వాయించేవాడి వెంట పోతుంది. నేను మాత్రం పట్టుబట్టి రెండోవాడి వెంట పోతాను. లయ నిలబెట్టేది, కింది స్వరాలు చూసుకునేది, సోలోకి చోటు వదిలేది అతనే. అతను తడబడితే సోలో ఎంత గొప్పగా ఉన్నా ఆ పాటంతా చప్పబడిపోతుంది. అందుకే స్వింగ్ (ఊగే లయ ఉన్న జాజ్), బ్లూస్ (నల్లజాతివాళ్ల బాధ పలికే పాటల శైలి) గిటార్ డ్యూయెట్లలో ఏ జంట మేలని ఎవరైనా అడిగితే నేను చూసేది ఒక్కటే. సోలో లేనప్పుడు ఆ చేయి ఏం చేస్తోంది?

అలా చూస్తే అసలు పోటీ రెండు జంటల మధ్యే. 1928, 1929లలో న్యూయార్క్‌లో ‘ఓకే’ అనే రికార్డుల కంపెనీకి వాయించిన ఎడ్డీ లాంగ్, లానీ జాన్సన్ ఒక జంట. 1974లో పాబ్లో అనే రికార్డుల కంపెనీకి ‘టూ ఫర్ ది రోడ్’ ఆల్బమ్ చేసిన జో పాస్, హెర్బ్ ఎల్లిస్ ఇంకో జంట. ఈ రెంటికీ మధ్య 1930ల నాటి కార్ల్ క్రెస్, డిక్ మెక్‌డొనో ఉన్నారు. వాళ్లనూ వదిలిపెట్టకూడదు.

జాన్సన్‌ది న్యూ ఆర్లీన్స్, నల్లజాతి కుటుంబం. 1925లో సెయింట్ లూయిస్‌లో బ్లూస్ పోటీ గెలిచి ఓకే కంపెనీకి పాడటం మొదలుపెట్టాడు. ఈ డ్యూయెట్ల నాటికే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ ఫైవ్ బృందంతో, డ్యూక్ ఎలింగ్టన్ ఆర్కెస్ట్రాతో రికార్డు చేసి ఉన్నాడు. లాంగ్‌ది ఫిలడెల్ఫియాలో స్థిరపడిన ఇటాలియన్ కుటుంబం, అసలు పేరు సాల్వటోర్ మసారో. చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకుని తర్వాత గిటార్‌కి వచ్చాడు. అప్పట్లో కంపెనీలు నల్లవాళ్ల రికార్డులను ‘రేస్ రికార్డ్స్’ పేరుతో వేరే వరుసలో అమ్మేవి. తెల్లవాడి పేరు, నల్లవాడి పేరు ఒకే రికార్డు మీద పక్కపక్కన వేయడానికి కంపెనీ సిద్ధంగా లేదు. దాంతో లాంగ్ పేరు ‘బ్లైండ్ విల్లీ డన్’గా మారింది. ఒకే గదిలో పక్కపక్కన కూర్చుని అంత చనువుగా వాయించినవాళ్లు, కాగితం మీద మాత్రం అలా కనిపించకూడదు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇంకో విషయం కూడా వీళ్లకు కలిసొచ్చింది. 1925 నుంచి మైక్రోఫోన్‌తో, అంటే ఎలక్ట్రికల్ పద్ధతిలో రికార్డింగ్ మొదలైంది. అంతకుముందు కొమ్ములాంటి గొట్టం ముందు వాయించాల్సి వచ్చేది. గిటార్ లాంటి మెత్తని శబ్దం అందులో సరిగా ఎక్కేది కాదు. బ్యాండ్లలో బాంజో అనే తీగవాయిద్యానికి ఉన్న చోటు గిటార్‌కి రావడానికి అదొక కారణం.

మొదట వినాల్సింది 1929 మేలో చేసిన ‘ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ రిఫ్స్’. వేగంగా సాగే బ్లూస్. పాట వరస మళ్లీ మొదలైన ప్రతిసారీ జాన్సన్ కొత్త ఆలోచనతో వస్తాడు. తీగ లాగి స్వరాన్ని వంచడం, వేలితో దాన్ని వణికించడం ఆయన గొంతులో ఉన్నట్టే గిటార్‌లోనూ ఉంటాయి. ఇదంతా మొదటిసారి వినండి. రెండోసారి జాన్సన్‌ని పక్కన పెట్టి కింద లాంగ్‌ని పట్టుకోండి. ఒక బేస్ స్వరం, ఒక కార్డ్ (ఒకేసారి మోగే కొన్ని స్వరాలు), మళ్లీ ఎక్కడికో నడిచి వెళ్లే చిన్న బేస్ వరస. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా రెండుసార్లు ఒకే దారిలో వెళ్లాలన్న బద్ధకం లేదు. అప్పటికే పెద్ద పేరున్న లాంగ్ ఈ డ్యూయెట్లలో చాలాచోట్ల పక్కవాయిద్యానికే కట్టుబడ్డాడు. ఎందుకంటే బ్లూస్ జాన్సన్ ఇల్లు. ఆ ఇంట్లో ఎలా మసలుకోవాలో లాంగ్‌కి తెలుసు. నిదానంగా సాగేవి కావాలంటే ‘బ్లూ గిటార్స్’, ‘మిడ్‌నైట్ కాల్ బ్లూస్’ ఉన్నాయి.

లాంగ్ 1933లో టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత చనిపోయాడు. అప్పటికి 30 ఏళ్లే.

క్రెస్, మెక్‌డొనోల సంగతికి వస్తే వాళ్లు న్యూయార్క్ రేడియో, స్టూడియోల్లో పని చేసి చేయి తిరిగినవాళ్లు. 1934లో ‘స్టేజ్ ఫ్రైట్’, ‘డాంజాన్’, 1937లో ‘చికెన్ అ లా స్వింగ్’ రికార్డు చేశారు. క్రెస్ బాంజో నుంచి వచ్చినవాడు కాబట్టి కింది తీగలను స నుంచి ప దాకా ఉన్నంత దూరంలో శ్రుతి చేసుకునేవాడు. అందువల్ల అతని కార్డ్‌లు వెడల్పుగా, అడుగున బరువుగా మోగుతాయి. మామూలు శ్రుతిలో ఉన్న మెక్‌డొనో గిటార్ దాని పైన తేలుతుంది. అందం విషయంలో వంక పెట్టలేం. అయితే ముందే కూర్చుకున్న అమరిక ఎక్కువ, అక్కడికక్కడ పుట్టేది తక్కువ. బ్లూస్ కోసం వచ్చినవాళ్లకు ఇక్కడ దాహం తీరదు. స్వింగ్‌లో కార్డ్‌లతోనే రాగం నడపడం ఎలాగో వినాలనుకునేవాళ్లకు మాత్రం ఇంతకు మించిన పాఠం లేదు.

పాస్, ఎల్లిస్ దగ్గరికి వచ్చేసరికి లోకమే మారిపోయింది. ఇద్దరూ ఎలక్ట్రిక్ గిటార్ కాలం మనుషులు, ఇద్దరి వెనకా తొలినాటి ఎలక్ట్రిక్ గిటార్ వాయిద్యకారుడు చార్లీ క్రిస్టియన్ నీడ ఉంది. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంతో క్రిస్టియన్ వాయించిన ‘సెవెన్ కమ్ ఇలెవెన్’ ఈ ఆల్బమ్‌లోనూ ఉంది. ఎల్లిస్ టెక్సస్‌వాడు. ఎంత వేగంలో ఉన్నా ఆయన వాక్యం చివర బ్లూస్ ముడి పడుతుంది. 1953 నుంచి 1958 దాకా పియానో వాయించే ఆస్కార్ పీటర్సన్ ట్రయోలో, అంటే ముగ్గురి బృందంలో, డ్రమ్స్ లేకుండా లయ మోసిన చేయి అది. పాస్ ఆలోచన పియానోవాళ్లలా ఉంటుంది. బేస్, కార్డ్, రాగం మూడూ ఒకే చేతిలో. 1973లో ఒంటరి గిటార్‌తో చేసిన ‘వర్చువోసో’ ఆల్బమ్‌తో ఆయన పేరు మారుమోగింది.

వీళ్లలో సోలో ఒకరి సొత్తు కాదు. ఒకరు ముగించగానే ఇంకొకరు అందుకుంటారు, మొదటివాడు వెంటనే కిందికి దిగి బేస్ నడక మొదలుపెడతాడు. అరుగు మీద పాత స్నేహితుల కబుర్లలా ఎక్కడ చేతులు మారాయో ఒక్కోసారి తెలియదు. ‘చెరొకీ’ అనే పాటను రెండు రకాలుగా వాయించి రెండూ ఆల్బమ్‌లో పెట్టారు. వెంటవెంటనే వింటే, ఒకే పాట నుంచి ఈ ఇద్దరికీ ఎన్ని దారులు తెరుచుకుంటాయో అర్థమవుతుంది.

పోల్చడానికి ఒక మంచి అవకాశం కూడా దొరుకుతుంది. ‘గిటార్ బ్లూస్’ అన్న పేరుతో లాంగ్, జాన్సన్ 1929లో ఒకటి చేశారు, పాస్, ఎల్లిస్ ఆల్బమ్‌లో ఇంకొకటి ఉంది. పేరొక్కటే గానీ రెండూ వేర్వేరు. వెంటవెంటనే వినండి. మొదటిదానిలో ఎవరి పని ఏమిటో ముందే ఖాయమైంది. ఒకరు మాట్లాడతారు, ఇంకొకరు నిలబెడతారు. రెండోదానిలో ఆ పనులు చేతులు మారుతూ ఉంటాయి. నేర్పు లెక్కన రెండోదే ముందుంటుంది. కానీ బాధ ఎక్కడ ఎక్కువ వినిపిస్తుందంటే, నా చెవికి మొదటిదానిలోనే.

మొదటిదానికి ఉన్న ఇబ్బందులు దాచను. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు కాబట్టి ఒక్కో పక్కకి మూడు నిమిషాలే, వెనక చిరచిర శబ్దం. రెండు గిటార్లూ ఒకే చానెల్‌లో కలిసి ఉంటాయి. ఎవరు ఎవరో విడదీయడం కొత్తవాళ్లకు కష్టమే. ‘టూ ఫర్ ది రోడ్’కి ఆ బాధ లేదు. పని చేసుకుంటూ వినడానికైనా, జాజ్ అసలు తెలియని స్నేహితుడికి పంపడానికైనా అదే మేలు. గిటార్ నేర్చుకుంటున్నవాళ్లకైతే నేను కళ్లు మూసుకుని పాస్, ఎల్లిస్‌నే చెబుతాను. ఒక మనిషి పక్కవాయిద్యం నుంచి సోలోకి, మళ్లీ వెనక్కి ఎలా వస్తాడో అక్కడ స్పష్టంగా దొరుకుతుంది. అది నచ్చాక బక్కీ పిజ్జరెల్లి, జార్జ్ బార్న్స్ జంటనూ వినొచ్చు. బక్కీది ఏడు తీగల గిటార్, అడుగున అదనపు బేస్ తీగ ఉంటుంది.

నాకోసం ఒక్కటే ఎంచుకోమంటే మాత్రం లాంగ్, జాన్సన్‌లకే నా ఓటు. పాస్, ఎల్లిస్‌ల ముందు దారి వేసి ఉంది. 1928 నవంబరులో ‘టూ టోన్ స్టాంప్’కి కూర్చున్న ఈ ఇద్దరి ముందు గిటార్ జంటలకు చెప్పుకోదగ్గ జాజ్ దారి ఏదీ లేదు. అయినా లాంగ్ వేసిన బేస్ వరసల్లో ఎక్కడా వెతుకులాట వినిపించదు. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి, ఆ కింది స్వరాలు అందులో పూర్తిగా మాయమైపోతాయి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ‘ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ రిఫ్స్’తో మొదలుపెట్టండి.