మూడు స్ట్రీమింగ్ ప్లేయర్లు: నాలుగేళ్లు విన్నాక

వైఫై మీద పాటలు తెప్పించుకుని యాంప్లిఫయర్‌కి పంపే ప్లేయర్లు నా దగ్గర మూడున్నాయి. ఒకటి 2015లో వచ్చి 2019లో ఆగిపోయిన గూగుల్ క్రోమ్‌కాస్ట్ ఆడియో. రెండోది రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద డాక్ (డిజిటల్ పాటని యాంప్లిఫయర్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది) బోర్డు బిగించి నేనే తయారు చేసుకున్నది. మూడోది ఖరీదైన రెడీమేడ్ పెట్టె. దాని మీద నాకో ఫిర్యాదుంది కాబట్టి పేరు చెప్పను. మూడూ ఒకే యాంప్లిఫయర్‌కి తగిలించి వింటున్నాను.

మొదటి ఏడాదంతా మూడోదే గొప్పదని కనబడ్డ వాళ్లందరికీ చెప్పాను. గొంతు ముందుకొచ్చినట్టు, బేస్ గట్టిగా తగిలినట్టు ఉండేది. ఒకరోజు ఎందుకో అనుమానమొచ్చి, 400 హెర్ట్జ్ టోన్ పెట్టి స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌తో కొలిచాను. క్రోమ్‌కాస్ట్‌తో 1.27 వోల్టులు, దీనితో 1.41. అంటే దాదాపు 0.9 డెసిబెల్ ఎక్కువ. అంత చిన్న తేడా ఉంటే సౌండ్ పెరిగిందని చెవికి తెలియదు, బాగుందని మాత్రం అనిపిస్తుంది. ఏడాదిపాటు నేను పొగిడింది వాల్యూమ్‌నన్నమాట!

మూడిటినీ 0.1 డెసిబెల్ తేడాలోకి తెచ్చి, మా తమ్ముణ్ణి వెనక కూర్చోబెట్టి మార్చమన్నాను. సీడీ నాణ్యత ఏమాత్రం పోని ఫ్లాక్ ఫైళ్లే, 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. క్రోమ్‌కాస్టా, ఖరీదైనదా చెప్పాలి. 20 సార్లలో 11 సరిగ్గా చెప్పాను. బొమ్మాబొరుసు వేసినా పది వస్తాయి. వాడు చాలాసేపు నవ్వాడు.

వైఫై బాగుంటే సౌండ్ తియ్యగా ఉంటుందనేదీ నేను నమ్మను. దారిలో పోయిన డేటాని ప్లేయర్ మళ్లీ తెప్పించుకుంటుంది. వస్తే మొత్తం వస్తుంది, లేకపోతే పాట ఆగిపోతుంది. బ్లూటూత్ సంగతి వేరు. అక్కడ ఫోన్ పాటని మళ్లీ కుదిస్తుంది, చప్పట్లు, తాళాల మోత ఉన్నచోట నాకు అప్పుడప్పుడు తెలిసిపోతుంది.

ఇక ఫిర్యాదు. టీవీని కూడా అదే యాంప్లిఫయర్‌కి తగిలించగానే ఖరీదైన పెట్టె నుంచి సన్నగా ‘జూం’మని హమ్ మొదలైంది. పాట ఆపితే ఇంకా బాగా వినిపించేది. అడాప్టర్ మార్చాను, ఆర్‌సీఏ తీగలు మార్చాను, పోలేదు. చివరికి ఆప్టికల్ తీగ వేశాను. అందులో వెలుగే తప్ప కరెంటు పారదు కదా, ఆ క్షణమే పోయింది. కాకపోతే ఇప్పుడు డాక్ పని యాంప్లిఫయర్ చేస్తోంది. డబ్బు పోసి కొన్న ఆ పెట్టెలోని డాక్ ఊరికే కూర్చుంది.

దాన్ని నిజంగా పక్కన పెట్టించింది మాత్రం కచేరీ రికార్డింగులు. ఆ పెట్టె ట్రాక్ మారేచోట అర సెకను ఆగుతుంది. తంబూరా శ్రుతి మధ్యలో తెగి మళ్లీ అతుక్కుంటే ప్రాణం ఉసూరుమంటుంది. రాస్‌బెర్రీ పైలో ఆ తెగడం లేదు. రోజూ సాయంత్రం నేను పెట్టేది అదే.