మ్యాప్‌లో చేరిన తరవాత అసలు పని: గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఏళ్ల తరబడి వాడిన అనుభవం

మ్యాప్‌లో వ్యాపారాన్ని చేర్చడం ఎలాగో చెప్పే వీడియోలకు లోటు లేదు. చేర్చాక దాన్ని ఏళ్ల తరబడి ఎలా నిలబెట్టుకోవాలో చెప్పేవాళ్లే తక్కువ. నేను రాస్తున్నది ఆ రెండో సంగతి గురించి. గూగుల్ మ్యాప్‌లోనూ సెర్చ్‌లోనూ మన వ్యాపారం పేరు, అడ్రసు, వేళలు, రివ్యూలు చూపించే పేజీని, దానికి గూగుల్ మై బిజినెస్ అనే పేరున్న రోజుల నుంచి వాడుతున్నాను. 2021 నవంబరులో ఆ పేరును గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌గా మార్చారు. మా రిపేరు వర్క్‌షాపుతో పాటు, తెలిసిన పళ్ల డాక్టరు గారి క్లినిక్‌ది, ఒక చిన్న లైబ్రరీది కూడా నేనే చూసుకుంటాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇది ఉచితం, ఉపయోగం చాలా ఎక్కువ. జనం నేరుగా వచ్చే ఏ వ్యాపారమైనా ఇందులో ఉండాల్సిందే. కాకపోతే ఇందులో మనిషిని మన గుమ్మం దాకా తీసుకొచ్చేవి రెండే రెండు: పిన్ (మ్యాప్‌లో మన చోటును చూపించే గుర్తు) సరైన చోట ఉండటం, పని వేళలు నిజమైనవి కావడం. ఫొటోలు, వివరణ, పోస్టులు అన్నీ వాటి తరవాతే.

ముందు పిన్ సంగతి. అడ్రసు టైప్ చేయగానే మ్యాప్ తనంతట తనే ఒక చోట పిన్ పెట్టేస్తుంది. అది కొన్నిసార్లు భవనం నడిమధ్యలో పడుతుంది, కొన్నిసార్లు వీధి మధ్యలో పడుతుంది. చాలామంది దాన్ని చూసి "దగ్గర్లోనే ఉంది కదా" అని వదిలేస్తారు. కానీ వచ్చేవాళ్లకు దారి చూపించేది ఆ పిన్నే. పిన్‌కు ఏ రోడ్డు దగ్గరగా ఉంటే నావిగేషన్ ఆ రోడ్డు మీదికే తీసుకొచ్చి ఆపుతుంది. భవనానికి రెండు వైపులా రోడ్లుంటే జనం వెనక గోడ దగ్గర నిలబడి ఫోన్ చేస్తారు. మా గేటు పక్క సందులో ఉంది. శాటిలైట్ వ్యూ పెట్టి, బాగా జూమ్ చేసి, పిన్‌ను పట్టుకుని సరిగ్గా గేటు మీదికి జరిపాను. ఆ తరవాత "ఎటు రావాలండీ" అనే ఫోన్లు బాగా తగ్గాయి. దాంతో పాటు రోడ్డు మీద నుంచి చూస్తే మా బోర్డు ఎలా కనిపిస్తుందో ఒక ఫొటో తీసి పెట్టాను. ప్రొఫైల్లో ఉన్న ఫొటోలన్నిటిలోకీ నాకు విలువైనది అదే. లోపలి అందమైన ఫొటోలు చూసి మెచ్చుకుంటారు, గేటు ఫొటో చూసి వస్తారు.

అడ్రసు సరిగ్గా లేని చోట్ల ప్లస్ కోడ్ అక్కరకొస్తుంది. ఇంటి నంబరూ వీధి పేరూ లేకపోయినా భూమ్మీద ఏ చోటుకైనా ఒక చిన్న కోడ్ ఉంటుంది. మొత్తం పది అక్షరాల కోడ్ ఇస్తే అది సుమారు 14 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న చదరానికి గుర్తు. ఇంటర్నెట్ లేకపోయినా ఆ కోడ్‌ను లెక్కగట్టవచ్చు. కొరియర్ వాళ్లకు నేను అడ్రసుతో పాటు ఇదీ పంపుతాను.

ఇక పని వేళలు. రాత్రి ఎనిమిదికి ఫోన్ తీసి వెతికే మనిషి చాలాసార్లు "ఇప్పుడు తెరిచి ఉన్నవి" మాత్రమే చూస్తాడు. మనం వేళలు పెట్టకపోతే ఆ జాబితాలో మన ఊసే ఉండదు. తప్పు వేళలు పెడితే ఇంకా నష్టం. అంత దూరం వచ్చి తాళం చూసినవాళ్లు వెనక్కి వెళ్తూ ఒక స్టార్ ఇచ్చి పోతారు, వాళ్ల కోపం న్యాయమే. మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరిచేవాళ్లు ఒకే రోజుకు రెండు విడతల వేళలు ఇవ్వొచ్చు. సెలవుల కోసం ప్రత్యేక వేళలు అని వేరుగా ఉంది. పండగ రోజు మామూలుగానే పనిచేస్తున్నా సరే, ఆ సంగతి అక్కడ నమోదు చేస్తే మంచిది. లేకపోతే వేళలు మారి ఉండవచ్చన్న హెచ్చరిక చూసి జనం అనుమానపడతారు. కొన్నాళ్లు మూస్తే "తాత్కాలికంగా మూసివేశాం" అన్న గుర్తు ఉంది, దాన్ని వాడండి. లైబ్రరీ విషయంలో ఇది నాకు బాగా అర్థమైంది. అక్కడికి వచ్చేవాళ్లలో పెద్దవాళ్లు ఎక్కువ. వాళ్లు ఒకసారి మూసిన తలుపు చూసి వెళ్లారంటే మళ్లీ రావడానికి సంకోచిస్తారు.

పేరు దగ్గర చాలామంది దారి తప్పుతున్నారు. బోర్డు మీద ఏ పేరుంటే అదే పెట్టాలన్నది నియమం. పేరు వెనక "బెస్ట్", "నంబర్ వన్", ఊరి పేరు, చేసే పనులన్నీ తోకలా తగిలిస్తే కొన్నాళ్లు పైకి కనిపించవచ్చు. ఎవరో ఒకరు ఫిర్యాదు చేసిన రోజున పేరు మారుస్తారు, లేదంటే ప్రొఫైల్‌నే నిలిపేస్తారు. తిరిగి తెప్పించుకోవడానికి అప్పీలు, ఆధారాలు, ఎదురుచూపు. అంత టెన్షన్ ఎందుకు? చేసే పని ఏమిటో చెప్పడానికి కేటగిరీ ఉంది కదా. ఒకటి ప్రధానమైనది, దాని వెంట మరో తొమ్మిది దాకా పెట్టుకోవచ్చు. ప్రధాన కేటగిరీ ఎంపిక మీద ఒక గంట కూర్చున్నా తప్పు లేదు. క్లినిక్ అని పెట్టడం వేరు, పళ్ల క్లినిక్ అని పెట్టడం వేరు. వివరణ రాసుకోవడానికి 750 అక్షరాల చోటు ఇస్తారు. అక్కడ నాలుగు మాటలు నిజాయితీగా రాసి వదిలేయండి.

వెతికినప్పుడు ఎవరు ముందు కనిపిస్తారన్నది మూడింటి మీద ఆధారపడుతుందని గూగులే చెబుతుంది: అడిగినదానికి మనం చేసే పనికి ఉన్న సంబంధం, మనిషి నిలబడ్డ చోటి నుంచి దూరం, వ్యాపారానికి ఉన్న పేరుప్రఖ్యాతులు. ప్రకటనల సంగతి వేరు. మామూలు ఫలితాల్లో డబ్బు కట్టి పైకి వెళ్లే దారి లేదు. ఈ ఒక్క మాట ప్రతి చిన్న వ్యాపారికీ తెలియాలని నా కోరిక. ఎందుకంటే ప్రొఫైల్ పెట్టిన కొత్తలోనే ఫోన్లు మొదలవుతాయి. మాకూ వచ్చాయి. "మేం మ్యాప్ వాళ్లమే, ఫీజు కట్టకపోతే ఈ రోజే మీ లిస్టింగ్ పోతుంది" అని ఒకాయన గట్టిగా బెదిరించాడు. ఇంకొకరు మొదటి స్థానం గ్యారంటీ అన్నారు. ప్రొఫైల్‌కు ఫీజు లేదు, కాబట్టి కట్టేదీ లేదు. వెరిఫికేషన్ కోడ్ (వ్యాపారం మనదేనని రుజువు చేసుకోవడానికి గూగుల్ పంపే కోడ్) అడిగితే చెప్పకండి. ఆ కోడ్ వాళ్ల చేతికి చిక్కితే మన ప్రొఫైల్ వాళ్ల పేరు మీదికి పోయే ప్రమాదం ఉంది.

వెరిఫికేషన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. పూర్వం కోడ్ ఉన్న పోస్టుకార్డు వచ్చేది. ఇప్పుడు ఫోన్, మెసేజ్, ఈమెయిల్, వీడియో ఇలా రకరకాల పద్ధతులున్నాయి. మనకు ఏది రావాలో సిస్టమే నిర్ణయిస్తుంది, ఎంచుకునే వీలు మనకు లేదు. చాలామందిని వీడియో అడుగుతున్నారు. దీన్ని చూసి బెదిరిపోనక్కర్లేదు. ఎక్కడా ఆపకుండా, ఎడిట్ చేయకుండా ఒకే వీడియోలో మూడు విషయాలు కనిపించాలి: చోటు ఎక్కడ, అక్కడ జరిగే పని ఏమిటి, దాన్ని నడిపేది మీరేనా. డాక్టరు గారి క్లినిక్‌కు మేం వీధి పేరున్న బోర్డు దగ్గర మొదలుపెట్టాం. అక్కణ్నుంచి పక్క భవనాలు, క్లినిక్ బోర్డు, తాళం తీయడం, లోపల కుర్చీ, పరికరాలు, చివర్లో సిబ్బంది మాత్రమే వెళ్లే గది. పగటి వెలుగులో, పేషెంట్లు ఎవరూ లేని వేళ తీశాం. ఇతరుల ముఖాలు, బ్యాంకు కాగితాలు అందులో పడకూడదు. పరిశీలనకు అయిదు పనిదినాల దాకా పట్టవచ్చు. ఆ లోపల పేరో అడ్రసో మార్చకుండా ఓపిక పట్టండి.

కస్టమర్లను నేరుగా కలవని, పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే వ్యాపారాలకు ఈ ప్రొఫైల్ ఇవ్వరు. కస్టమర్ల ఇళ్లకు వెళ్లి పనిచేసే ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, ట్యూషన్ టీచర్లు తమ అడ్రసు దాచిపెట్టి, తిరిగే ప్రాంతాలు మాత్రం చూపించవచ్చు. అలాంటివి 20 దాకా పెట్టుకోవచ్చు. ఇంటి నుంచి పనిచేసే ఆడవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. మీ ఇంటి గుమ్మం లోకమంతటికీ చూపించాల్సిన అవసరం లేదు.

ప్రొఫైల్ ఎవరి అకౌంట్లో ఉందన్నది మరో పెద్ద విషయం. డాక్టరు గారిది అంతకు ముందు ఒక మార్కెటింగ్ ఏజెన్సీ తన ఈమెయిల్ మీద పెట్టింది. ఒప్పందం ముగిశాక వాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. ప్రొఫైల్లో పాత ఫోన్ నంబరు, మార్చే హక్కు మనకు లేదు. ఇలాంటప్పుడు మ్యాప్‌లో ఆ ప్రొఫైల్ తెరిచి, యాజమాన్యం నాదని అడిగే దారి ఉంది. ఇప్పుడున్న ఓనరుకు జవాబివ్వడానికి మూడు రోజులు ఇస్తారు. జవాబు రాకపోతే మనమే వెరిఫై చేసుకుని తీసుకునే అవకాశం వస్తుంది. మాకు అలాగే దక్కింది. ఎవరికి పని అప్పగించినా ప్రధాన ఓనరుగా మీ సొంత ఈమెయిలే ఉండాలి. మిగతావాళ్లను మేనేజర్లుగా చేర్చుకుంటే సరిపోతుంది, పని అయిపోగానే తీసేయొచ్చు.

ఓనరు మనమే అయినా మ్యాప్‌లో మార్పులు చేసేది మనం ఒక్కరమే అనుకోవద్దు. దారినపోయే ఎవరైనా "ఈ చోటు మూతపడింది", "వేళలు ఇవి" అని సవరణ సూచించవచ్చు. గూగుల్ దాన్ని ఒప్పుకోవచ్చు కూడా. ఈ ఏర్పాటును నేను తప్పుపట్టను. ఓనర్లు పట్టించుకోని వేలాది చోట్లు జనం సవరణల వల్లే సరిగ్గా ఉంటున్నాయి. నేనూ అలా ఎన్నో సరిచేశాను. కానీ దానికి బదులుగా మనం నెలకోసారైనా మన ప్రొఫైల్‌ను బయటివాళ్లలా తెరిచి చూసుకోవాలి. వేరే ఫోన్లో, లాగిన్ కాకుండా చూస్తే ఇంకా మంచిది.

రివ్యూలను మనం తీసేయలేం. నియమాలకు విరుద్ధంగా ఉన్నవాటిని రిపోర్ట్ చేయగలం, అంతే. "నాకు నచ్చలేదు" అనడం నియమ విరుద్ధం కాదు. డిస్కౌంటో బహుమతో ఆశ చూపి రివ్యూ రాయించడం మాత్రం కచ్చితంగా విరుద్ధం. పని బాగా అయిందని సంతోషంగా వెళ్తున్నవాళ్లకు లింకు పంపి "వీలైతే రాయండి" అనడంలో తప్పు లేదు. చెడ్డ రివ్యూకు నేను రెండు మూడు వాక్యాల్లో, మర్యాదగా, ఆ రోజే జవాబిస్తాను. ఆ జవాబు చదివేది రాసినాయన ఒక్కడే అనుకోకండి, రేపు రాబోయే ప్రతి మనిషీ చదువుతాడు. క్లినిక్‌లు నడిపేవాళ్లు జవాబులో పేషెంటు జబ్బు వివరాలు బయటపెట్టకూడదన్నది వేరే చెప్పక్కర్లేదు.

ఒక జాగ్రత్త. ఉచితంగా ఇచ్చిన సదుపాయాలు ఉచితంగానే వెళ్లిపోతాయి. ఈ ప్రొఫైల్‌తో పాటు ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లను 2024 మార్చిలో ఆపేశారు. అదే ఏడాది జూలైలో ప్రొఫైల్ నుంచి కస్టమర్లతో మాట్లాడే చాట్ పోయింది. అందుకే సొంత వెబ్‌సైటు, మారని ఫోన్ నంబరు మీ చేతిలో ఉంచుకుని, ప్రొఫైల్‌ను వాటికి దారి చూపేలా వాడుకోండి. లెక్కల పేజీలో కూడా ఎంతమంది చూశారన్నదాని కంటే ఎంతమంది దారి అడిగారు, ఎంతమంది ఫోన్ చేశారు అన్నవే చూడండి. జనం ఏ మాటలతో వెతికి మన దగ్గరికి వచ్చారో కూడా అక్కడే ఉంటుంది. మేం చేసే పనుల జాబితాను నేను ఆ మాటల్ని బట్టే తిరగరాశాను.

లైబ్రరీని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనూ చేర్చాను. 2004లో మొదలైన ఈ మ్యాప్‌ను ప్రపంచమంతటా వాలంటీర్లు గీస్తున్నారు. ఇక్కడ ఓనర్లూ లేరు, వెరిఫికేషనూ లేదు, స్టార్లూ లేవు. అకౌంటు తెరిచి, భవనం మీద గుర్తు పెట్టి, పేరూ వేళలూ రాస్తే కాసేపట్లోనే కనిపిస్తుంది. తెలుగు పేరును వేరే గడిలో తెలుగు లిపిలోనే ఇవ్వొచ్చు, అది నాకు ఎంతో నచ్చింది. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌అండ్ లాంటి యాప్‌లు ఈ సమాచారాన్నే ఆఫ్‌లైన్‌లో కూడా చూపిస్తాయి. ఇతర మ్యాప్‌ల నుంచి చూసి ఇందులోకి కాపీ చేయడం మాత్రం నిషేధం, స్వయంగా తెలిసినవే రాయాలి. ఐఫోన్ వాడేవాళ్ల కోసం యాపిల్ 2023 జనవరిలో బిజినెస్ కనెక్ట్ అనే ఇలాంటి సేవనే తెచ్చింది. యాపిల్ మ్యాప్స్‌లోనూ ఉచితంగానే చేరవచ్చు.

చోటు మారినప్పుడు కొత్త ప్రొఫైల్ తెరవకండి. పాతదాంట్లోనే అడ్రసు మార్చి, పిన్‌ను కొత్త గేటు మీదికి జరిపితే రివ్యూలు సాధారణంగా వెంటే వస్తాయి. మళ్లీ వెరిఫికేషన్ అడగవచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. వ్యాపారమే ఆపేస్తే "శాశ్వతంగా మూసివేశాం" అని గుర్తు పెట్టండి. మీ అకౌంటు నుంచి ప్రొఫైల్‌ను తీసేసినంత మాత్రాన ఆ చోటు మ్యాప్‌లోంచి పోదు. జనం అక్కడికి వస్తూనే ఉంటారు.