దుంగలు ఎత్తడానికి ఫోర్కులా, గ్రాపులా?

ఏప్రిల్‌లో గాలివానలు మొదలై బెంగళూరులో చెట్లు కూలగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, బాబ్‌క్యాట్‌కి గ్రాపుల్ కొనాలా, ఫోర్కులు చాలా?" ఫోర్కులంటే దుంగ కింద దూర్చి లేపే ఉక్కు పళ్లు, గ్రాపుల్ అంటే మూసుకుని పట్టే పంజా. అడిగేది ఎక్కువగా కోలారు, చింతామణి వైపు నుంచి వచ్చి ఇక్కడ కలప అడితులు పెట్టుకున్న మనవాళ్లే. మైసూరు రోడ్డు న్యూ టింబర్ యార్డ్ లేఅవుట్‌లో ఒకరికి చెప్పిందే హొసకోటలో ఇంకొకరికి చెబుతున్నాను కాబట్టి ఈసారి రాసి పెడుతున్నాను. పోయిన ఏడాది నేనూ ఇదే ప్రశ్నతో రెండు నెలలు తిరిగాను. స్కిడ్ స్టీర్ లోడర్ (ముందు పనిముట్లు మార్చుకునే చిన్న లోడర్) ఏ కంపెనీదైనా మనకు బాబ్‌క్యాటే, ఇక్కడా ఆ పేరే వాడతాను.

అందరూ ముందు అడిగేది పట్టు గురించి. నేను మాత్రం ముందు బరువు చూడమంటాను. దుంగ బరువు ఒక్కటే కాదు, అటాచ్‌మెంట్ (మెషీన్ ముందు తగిలించే పనిముట్టు) సొంత బరువు, దుంగ మెషీన్‌కి ఎంత దూరంలో కూర్చుంటుందన్నదీ చూడాలి.

దుంగ బరువు దగ్గరే చాలామంది పొరబడతారు. మనం బిల్లులో రాసే సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) క్వార్టర్ గర్త్ లెక్క, అంటే చుట్టుకొలతలో పావునే వెడల్పుగా, మందంగా తీసుకునే లెక్క. చుట్టుకొలత 60 అంగుళాలు, పొడవు 10 అడుగులు అనుకోండి. చుట్టుకొలతలో పావు 15. పదిహేను పదిహేనుల 225, దాన్ని పదితో గుణించి 144తో భాగిస్తే 15.6 సీఎఫ్‌టీ. కోతలో పోయే చెక్కను ముందే తీసేసిన లెక్క అది. దుంగ అసలు ఘనపరిమాణం అంతకంటే 27 శాతం ఎక్కువ, అంటే దాదాపు 20 సీఎఫ్‌టీ. పచ్చి దుంగ చాలా జాతుల్లో నీటి బరువుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, సీఎఫ్‌టీకి 28 కిలోలు వేసుకోవచ్చు. బిల్లు చూసి 440 కిలోలు అనుకుంటాం, మెషీన్ మీద పడేది 560.

ఇక మెషీన్. నాది 700 కిలోల కెపాసిటీది. ఏ బరువుకు మెషీన్ ముందుకు తిరగబడుతుందో అందులో సగాన్నే చక్రాల లోడర్‌కి కెపాసిటీగా రాస్తారు, అదీ మామూలు బకెట్ పెట్టి చూసి. బకెట్ 200 కిలోలుంటే, వేళ్లు, కొమ్మలు పట్టే బరువైన రూట్ గ్రాపుల్ 400 దాకా ఉంటుంది. ఆ అదనపు 200 మన దుంగ వాటాలోంచే పోతాయి. మిగిలేది 500. అదే 560 కిలోల దుంగ ఇప్పుడు హద్దు దాటింది. పైగా గ్రాపుల్ పళ్ల మధ్య దుంగ కాస్త ముందుకు కూర్చుంటుంది, దూరం పెరిగేకొద్దీ అదే బరువు మెషీన్‌ను ఇంకా ఎక్కువగా ముందుకు లాగుతుంది. కొనే ముందు గ్రాపుల్ అద్దెకు తెచ్చి చూశాం. లారీ ఎత్తుకు లేపగానే వెనక చక్రాలు నేల వదిలాయి. ఆపరేటర్ వెంటనే బూమ్ (ఎత్తే చేతులు) దించేశాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నాకు పట్టిన టెన్షన్ ఇంకా గుర్తుంది.

ఫోర్కులు తేలిక. దుంగను వెనక ఫ్రేమ్‌కి ఆనేదాకా తోసుకుంటే బరువు మెషీన్‌కి దగ్గరగా ఉంటుంది. హైడ్రాలిక్ పైపు కూడా అక్కర్లేదు. కానీ గుండ్రటి దుంగ ఫోర్కుల మీద దొర్లుతుంది. దుంగ మీద దుంగ పెట్టి పైకి లేపి వెనక్కి వంచితే, పైది ఫ్రేమ్ దాటి క్యాబిన్ మీదికి రావచ్చు. లారీలో దించేటప్పుడు ముందుకు వంచితే ఎటు దొర్లుతుందో మన చేతిలో ఉండదు, అవతల మనిషి నిలబడి ఉంటాడు. అందుకే వట్టి ఫోర్కులు నేను వద్దంటాను.

నేను తీసుకున్నది పైన ఒక క్లాంప్ చేయి ఉన్న ఫోర్కులు. బరువు 250 కిలోల చిల్లర. 560 కిలోల దుంగకు ఇంకా వెసులుబాటు ఉంటుంది, దుంగా కదలదు. క్లాంప్ సిలిండర్‌కి చెక్ వాల్వ్ ఉందో లేదో అడిగి తీసుకోండి, పైపు పగిలినా పట్టు వదలకూడదు.

రోడ్డు మీద కూలిన గుల్‌మొహర్లు, రెయిన్ ట్రీలు తీసే కాంట్రాక్టర్లకు మాత్రం రూట్ గ్రాపులే సరి. కొమ్మలు, వేళ్లు, ఆకుల చెత్త అన్నీ ఒక్క పట్టులో తీస్తుంది, అక్కడ ఫోర్కులు పెద్దగా పనికిరావు. బకెట్‌కి గొలుసు కట్టి లాగడం నేల మీద ఈడ్చుకోవడానికే, ఎత్తడానికి వద్దు. వేలాడే కత్తెర పట్టు సన్న దుంగలకు బాగుంటుంది, కానీ నడిచేటప్పుడు ఊగుతుంది.

ఏది పెట్టినా దుంగను నేలకు ఒక అడుగు ఎత్తులోనే నడపండి. ర్యాంప్ మీద లోడుతో ముందుకు ఎక్కి, వెనక్కి దిగండి.

పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలో చేయిస్తే చౌక అని కొందరంటారు. ఫ్రేమ్ చేయించుకోండి, తప్పులేదు. ఫోర్కు పళ్లు మాత్రం ప్లేటు కోసి వెల్డింగ్ చేసినవి వద్దు. ఒకే ఉక్కు కడ్డీని వంచి చేసి, మీద కెపాసిటీ ముద్ర కొట్టినవే తీసుకోండి. మూల దగ్గర సన్నగా పగులు కనిపిస్తే దాన్ని వెల్డింగ్ చేయించకుండా పక్కన పడేయండి.