ఘనాలో మోమో ఏజెంట్లు: గొడుగు కనిపిస్తుంది, డబ్బు దొరకడమే సంగతి

ఘనాలో మొబైల్ మనీ ఏజెంటు ఎక్కడ దొరుకుతాడని అడిగితే, ఏ రోడ్డు మీదైనా నిలబడి ఓసారి అటూ ఇటూ చూడమంటాను. పసుపు రంగు గొడుగు, దాని కింద చిన్న బల్ల, బల్ల వెనక ప్లాస్టిక్ కుర్చీలో ఒక మనిషి. రాజధాని అక్రాలోనే కాదు, హైవే మీద బస్సు ఆగే ప్రతి చిన్న ఊళ్లోనూ ఇదే దృశ్యం. కాబట్టి ఏజెంటును కనిపెట్టడం అసలు సమస్యే కాదు. ఆ గంటలో మనకు కావలసినన్ని నోట్లు అతని దగ్గర ఉండటమే సమస్య. అక్రా పక్కనే ఉన్న టెమాలో ఉంటూ మందుల సప్లై పని మీద కుమాసి, టెచిమాన్, టమాలే దాకా కొన్నేళ్లుగా తిరుగుతున్నాను. ఇక్కడికి ఉద్యోగాలకు కొత్తగా వచ్చే మనవాళ్లందరూ మొదట నన్నడిగేది ఇదే కాబట్టి, ఒకసారి వివరంగా రాస్తే పోతుందనిపించింది.

మనకు ఫోన్‌పే, గూగుల్ పే అలవాటు. వాటి వెనక బ్యాంకు ఖాతా ఉంటుంది. ఇక్కడి మోమోకి, అంటే మొబైల్ మనీకి, బ్యాంకు ఖాతా అక్కర్లేదు, ఫోన్ నంబరే ఖాతా. ఎమ్‌టీఎన్ అనే ఫోన్ కంపెనీ దీన్ని 2009లో మొదలుపెట్టింది. స్టార్ 170 హ్యాష్ నొక్కితే మెనూ వస్తుంది. ఇంటర్నెట్ లేకపోయినా, పాత బటన్ ఫోన్‌లో అయినా పనిచేస్తుంది. కానీ చేతిలోని నోట్లు ఫోన్‌లోకి వెళ్లాలన్నా, ఫోన్‌లోని డబ్బు చేతికి రావాలన్నా మధ్యలో ఏజెంటు ఉండాలి. చాలా ఊళ్లలో ఏటీఎమ్ పని చేసేది ఆ గొడుగే. పసుపు గొడుగు ఎమ్‌టీఎన్‌ది. ఎర్ర బోర్డు ఒకప్పటి వోడాఫోన్‌ది, 2024 నుంచి దాని పేరు టెలిసెల్. నీలం బోర్డు ఏటీది, అంటే ఎయిర్‌టెల్, టిగో కలిసి ఏర్పడిన కంపెనీ. ఒకే మనిషి మూడు నెట్‌వర్కులకూ పనిచేయడం మామూలే.

మ్యాప్‌లో వెతకడం గురించి ఒక్క మాటలో చెప్పాలంటే, దాన్ని నమ్ముకోకండి. మ్యాప్‌లో చూపించేవి బోర్డూ షట్టరూ ఉన్న పెద్ద షాపులు. అసలు పని చేసేవాళ్లలో చాలామంది గొడుగు మడిచి సాయంత్రం ఇంటికి తీసుకుపోయేవాళ్లు. రోడ్డు వెడల్పు చేస్తే పది అడుగులు వెనక్కి జరుగుతారు, వానాకాలంలో పక్క కొట్టు వసారాలోకి మారతారు. 2017లో ప్రభుత్వం ఘనాపోస్ట్ జీపీఎస్ అని ప్రతి చోటికీ ఒక డిజిటల్ చిరునామా ఇచ్చింది. ఫారాలు నింపడానికి అది బాగానే పనికొస్తుంది. దారి అడిగితే మాత్రం ఇప్పటికీ ఫలానా పెట్రోల్ బంకు ఎదురుగా, ఫలానా చర్చి దాటాక, చాప్ బార్ (చిన్న భోజనశాల) పక్కన అనే చెబుతారు. మీరు కూడా అలాగే అడగండి, తొందరగా చేరతారు.

ఇక అసలు కిటుకు. ఏజెంటు దగ్గర రెండు రకాల డబ్బు ఉంటుంది. ఒకటి సొరుగులో ఉండే నోట్లు, రెండోది అతని ఫోన్‌లో ఉండే ఈ-క్యాష్. మనం డబ్బు తీసుకుంటే నోట్లు తగ్గి ఈ-క్యాష్ పెరుగుతుంది. ఎవరైనా డబ్బు వేయించుకుంటే అది తలకిందులవుతుంది. పెట్టుబడి చిన్నది కాబట్టి రోజులో ఏదో ఒక వేళకి రెండింట్లో ఒకటి అడుగంటుతుంది. ‘క్యాష్ లేదు బాస్, డిపాజిట్ అయితే చేస్తా’ అని ఒకరు, ‘ఈ-క్యాష్ అయిపోయింది’ అని ఇంకొకరు అనడం అందుకే. అబద్ధం చెబుతున్నారని మొదట్లో అందరూ అనుకుంటారు. నిజంగానే ఉండదు. అందుకని నేను చూసేది గొడుగును కాదు, ఆ గొడుగు దగ్గరికి ఆ వేళలో నోట్లు తెచ్చి వేసేది ఎవరా అని.

నోట్లు తెచ్చేది వ్యాపారులు. అక్రాలో కనేషీ మార్కెట్, మకోలా, టెమా కమ్యూనిటీ వన్ మార్కెట్, కుమాసిలో కెజెటియా, ఇలాంటి చోట్ల టమాటాలు, చేపలు, బట్టలు అమ్మే ఆడవాళ్లు మధ్యాహ్నం దాటాక ఆ రోజు రాబడిని మోమోలో వేయించుకుంటారు. రాత్రి అంత డబ్బు సంచిలో పెట్టుకుని ట్రోట్రో (జనాన్ని ఎక్కించుకునే వ్యాను) ఎక్కడం వాళ్లకూ భయమే కదా. అందుకే సాయంత్రం నాలుగు దాటాక మార్కెట్ పక్క ఏజెంట్ల దగ్గర నోట్లు దండిగా ఉంటాయి. ఎంత అడిగినా ఇస్తారు. కానీ అదే వేళకు డబ్బు వేయించుకోవడానికి వెళితే ఈ-క్యాష్ లేదంటారు. ఉదయం వెళితే సరిగ్గా దీనికి తలకిందులు.

ఆఫీసులు, అపార్టుమెంట్లు ఉన్న చోట పరిస్థితి వేరు. అక్రాలోని ఈస్ట్ లెగోన్‌లో గొడుగులకు కొదవ లేదు, కానీ అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది డబ్బు తీసుకోవడానికే వస్తారు, వేసేవాళ్లు తక్కువ. నెలాఖరున జీతాలు పడ్డాక, క్రిస్మస్ ముందు వారంలో, ఐదారు వందల సెడీలకు (సెడీ ఇక్కడి కరెన్సీ) కూడా నాలుగు గొడుగులు తిరగాల్సి వస్తుంది. పెద్ద మొత్తం కావాలంటే ఆ రోజుల్లో నేను నేరుగా మదీనా మార్కెట్ వైపు పోతాను. దూరమే, కానీ పని ఒకేసారి అయిపోతుంది.

టెచిమాన్ నాకు ఇష్టమైన ఊరు. దేశంలో పెద్ద ఆహార ధాన్యాల సంతల్లో అదొకటి. యామ్ దుంపలు, మొక్కజొన్న లారీల మీద వస్తాయి. సంత రోజున అక్కడ చేతులు మారే డబ్బు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆ రోజు సాయంత్రం ఏ గొడుగు దగ్గరైనా సరే నోట్లకు లోటుండదు. సంత లేని రోజు అదే వీధి వెలవెలబోతుంది, సగం గొడుగులు రానే రావు. ఉత్తరాన ఇంకా పైకి వెళ్తే, బోల్గటాంగాలో సంత మూడు రోజులకోసారి వస్తుంది. అలాంటి ఊరికి వెళ్లే ముందు, సంత ఎప్పుడని డ్రైవర్‌ని అడిగి డబ్బు పని ఆ రోజుకి పెట్టుకుంటాను.

నా ఉద్యోగం వల్ల తెలిసిన ఇంకో సంగతి ఉంది. ఇక్కడ చిన్న మందుల కొట్టును కెమికల్ షాప్ అంటారు. చాలా కెమికల్ షాపుల్లో ఒక మూల మోమో కౌంటర్ కూడా ఉంటుంది. కొట్టులో రోజంతా చిల్లర అమ్మకాలు జరుగుతాయి కాబట్టి గల్లాపెట్టెలో నోట్లు ఉంటాయి, పైగా రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంచుతారు. గొడుగులన్నీ వెళ్లిపోయాక డబ్బు కావాలంటే నా మొదటి ఆశ అదే, తర్వాతే పెట్రోల్ బంకు.

బల్ల దగ్గర పని ఎలా జరుగుతుందో కూడా చెబుతాను. బల్ల మీద రెండు మూడు బటన్ ఫోన్లు, రబ్బరు బ్యాండ్లు వేసి, నెట్‌వర్కు పేరు రాసిన కాగితం అంటించి ఉంటాయి. పక్కనే అట్ట వేసిన లావుపాటి పుస్తకం. తేదీ, పేరు, ఫోన్ నంబరు, కార్డు నంబరు, మొత్తం, అన్నీ గడులు గీసి పెన్నుతో రాస్తారు. 2021 ఏప్రిల్ నుంచి డబ్బు తీసుకోవాలంటే గుర్తింపు కార్డు చూపించాలని ఎమ్‌టీఎన్ నియమం పెట్టింది. ఘనా కార్డు, అంటే ఇక్కడి జాతీయ గుర్తింపు కార్డు, లేకుండా వెళితే ముఖం తెలిసినవాడికైనా ‘సారీ’ అనేస్తారు. విదేశీయులకు నాన్‌సిటిజన్ ఘనా కార్డు విడిగా ఇస్తారు. కంపెనీ హెచ్‌ఆర్ వెంటపడి మరీ అది ముందే చేయించుకోండి.

కార్డు చూపించాక మన ఫోన్‌లో స్టార్ 170 హ్యాష్ కొట్టి, డబ్బు తీసుకోవడానికి అనుమతి ఇచ్చే ఆప్షన్ ఆన్ చేయాలి. అది ఆన్ చేస్తేనే ఏజెంటు పంపే అభ్యర్థన మన స్క్రీన్ మీదికి వస్తుంది. అందులో మొత్తమూ, ఏజెంటు పేరూ కనిపిస్తాయి. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. బోర్డు మీద దేవుడి పేరుతో ఏదో ఎంటర్‌ప్రైజ్ అని ఉంటుంది, స్క్రీన్ మీద వేరే పేరు వస్తుంది. అది చాలాసార్లు మామూలే, ఖాతా అతని అన్న పేరునో చిన్నమ్మ పేరునో ఉంటుంది. అయినా ‘ఈ పేరేనా?’ అని అడిగి, అవునన్నాకే పిన్ కొడతాను. పిన్ మాత్రం మనమే మన ఫోన్‌లో కొట్టాలి. ఫోన్ వాళ్ల చేతికి ఇచ్చి ‘మీరే చేసేయండి’ అనడం ఇక్కడ చాలామందికి అలవాటు. అది నాకు నచ్చని అలవాటు.

నోట్లు లెక్కపెట్టే ముందే చిల్లర సంగతి చెప్పండి. 2019 చివర్లో 100, 200 సెడీల నోట్లు వచ్చాక పెద్ద మొత్తాలన్నీ వాటిలోనే ఇస్తున్నారు. 200 నోటు పట్టుకుని ట్రోట్రో ఎక్కితే మేట్ మన వైపు చూసే చూపు భరించలేం. ట్రోట్రోలో డబ్బులు వసూలు చేసే కుర్రాణ్ని మేట్ అంటారు. కొన్ని 10లు, 20లు కావాలని ముందే అడిగితే మార్కెట్ దగ్గరి వాళ్లు సంతోషంగా ఇస్తారు, వాళ్లకూ ఆ చిన్న నోట్ల కట్టలు వదిలించుకోవాలనే ఉంటుంది.

ఖర్చు విషయం. డబ్బు వేయించుకోవడానికి ఏమీ పట్టరు. తీసుకోవడానికి సుమారు ఒక శాతం పోతుంది, అంటే 500 సెడీలకు 5 సెడీలు. పెద్ద మొత్తాలకు పైన ఒక పరిమితి ఉంటుంది. ఆ రుసుము మన ఖాతాలోంచే పోతుంది కాబట్టి చేతికి విడిగా ఏమీ ఇవ్వక్కర్లేదు. అయినా కొందరు పైన ఒకటి రెండు సెడీలు అడుగుతారు. నాకైతే ఏజెంట్ల మీద కోపం రాదు. రోజంతా ఎండలో కూర్చుని, నోట్ల సంచితో చీకట్లో ఇంటికి పోవడమంటే మాటలా? దొంగతనాల వార్తలు ఇక్కడ అప్పుడప్పుడూ వింటూనే ఉంటాం.

2022 మేలో ప్రభుత్వం ఈ-లెవీ అని పంపిన డబ్బు మీద ఒకటిన్నర శాతం పన్ను వేసినప్పుడు ఈ గొడుగులు ఎంత పలచబడ్డాయో కళ్లారా చూశాను. రోజుకు 100 సెడీలు దాటితే పన్ను. జనం మళ్లీ నోట్ల వైపు తిరిగారు. పంపడం మానేసి, ఏజెంటు దగ్గరికి నోట్లు తీసుకెళ్లి నేరుగా అవతలివాళ్ల నంబరులోకే వేయించడం ఎక్కువైంది, ఎందుకంటే వేయించుకోవడం మీద ఆ పన్ను లేదు. 2023లో దాన్ని ఒక శాతానికి తగ్గించారు, 2025 ఏప్రిల్‌లో పూర్తిగా ఎత్తేశారు. నేను తిరిగే వీధుల్లో గొడుగులు మళ్లీ చిక్కబడ్డాయి.

నోరు మంచిదైతే ఊరు మంచిదన్న సామెత ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది. వెళ్లగానే ‘డబ్బు ఉందా’ అని అడగడం మర్యాద కాదు. ముందు గుడ్ మార్నింగో గుడ్ ఆఫ్టర్‌నూనో చెప్పాలి, అవతలి మనిషి జవాబు చెప్పేదాకా ఆగాలి, అప్పుడు మాట మొదలుపెట్టాలి. నోట్లు కుడిచేత్తోనే ఇవ్వాలి, తీసుకోవాలి. ఎడమచెయ్యి చాపితే మన ఊళ్లో పెద్దవాళ్లలాగే వీళ్లూ ముఖం మాడుస్తారు. ఇద్దరు ముగ్గురు ఏజెంట్లతో ఇలా పరిచయం పెంచుకుంటే వాళ్ల నంబర్లు ఇస్తారు. పెద్ద మొత్తం కావాలంటే పొద్దున్నే ఫోన్ చేసి చెబుతాను, సాయంత్రానికి సిద్ధంగా ఉంచుతారు. ఏ మ్యాపూ ఇవ్వని సౌకర్యం ఇది.

ఫిర్యాదులు లేకపోలేదు. ఒకసారి నా ఖాతాలో డబ్బు పోయింది, ఏజెంటు ఫోన్‌కి మాత్రం చేరలేదు. అతను నోట్లు ఇవ్వనన్నాడు, అతని తప్పేమీ లేదు. ఆ నెట్‌వర్కు కస్టమర్ కేర్ వాళ్లు ‘24 గంటలు ఆగండి’ అని రోజూ అదే పాట పాడారు. వారం దాటాక గానీ వెనక్కి రాలేదు. అప్పటినుంచి నెట్‌వర్కు ఊగిసలాడే రోజున డబ్బు తీయను. ఇంకోటి, మీకు పొరపాటున డబ్బు పంపాను, తిరిగి పంపండి అని ఏడుపు గొంతుతో వచ్చే ఫోన్లు. మెసేజ్ కూడా అచ్చం అసలుదానిలాగే పంపుతారు. మెసేజ్ చూసి కాదు, మెనూలోకి వెళ్లి బ్యాలెన్స్ చూసి మాట్లాడండి. తేడా లేకపోతే ఫోన్ పెట్టేయండి.

ఆదివారం చర్చి అయ్యేదాకా, అంటే మధ్యాహ్నం దాకా, దక్షిణాన చాలా గొడుగులు తెరుచుకోవు. టమాలేలోనూ, అక్రాలో నీమా, మదీనాల్లోనూ శుక్రవారం నమాజు వేళ ఖాళీ. కుమాసి వైపు శనివారాలు అంత్యక్రియలకు వెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు, నలుపూ ఎరుపూ బట్టల్లో వీధులు నిండిపోతాయి, ఏజెంటు కూడా అక్కడే ఉండొచ్చు.

రేటింగ్ ఇవ్వమంటే ఎమ్‌టీఎన్ ఏజెంట్లకు ఐదుకు నాలుగు. మిగతా రెండు నెట్‌వర్కుల ఏజెంట్లు పెద్ద ఊళ్లలో పర్వాలేదు, చిన్న ఊళ్లలో వెతుక్కోవాలి, వాటికి రెండున్నర. 2018 నుంచి ఒక నెట్‌వర్కులోంచి ఇంకోదానికి నేరుగా పంపుకోవచ్చు కాబట్టి, ఏ సిమ్ వాడినా పక్కన ఒక ఎమ్‌టీఎన్ నంబరు పెట్టుకుని, ఊరు దాటే ముందు డబ్బు అందులోకి మార్చుకోండి. నేను చేసేది అదే.