ఐరిష్ మూలాలు వెతకాలంటే ఏది మేలు: పాత రిజిస్టర్లా, డీఎన్ఏ పరీక్షా, పరిశోధకులా?

ఐర్లండ్‌లో తాతముత్తాతల జాడ వెతకాలనుకునేవాళ్ళ దగ్గర మొదట్లో ఉండే ఆధారాలు చాలా తక్కువ. ఒక పేరు, మహా అయితే ఒక కౌంటీ, "కరువు రోజుల్లో ఓడెక్కి వెళ్ళిపోయారట" అని ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పుకునే ఒక మాట. అక్కడి నుంచి ఎటు వెళ్ళాలన్నదే అసలు చిక్కు. పాత రిజిస్టర్లు తిరగేయాలా, డీఎన్ఏ పరీక్ష చేయించుకోవాలా, లేక డబ్బిచ్చి ఎవరికైనా అప్పగించాలా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తరాల వెనక్కి వెళ్ళాలంటే కాగితాలే దిక్కు. పక్కకు వెళ్ళాలంటే, అంటే ఎప్పుడో విడిపోయిన దాయాదుల్ని, ఆడపడుచుల పిల్లల్ని కనుక్కోవాలంటే, డీఎన్ఏ చేసే పని ఇంకేదీ చేయలేదు. డబ్బు తీసుకుని వెతికిపెట్టేవాళ్ళ దగ్గరికి మాత్రం ఊరి పేరు చేతికొచ్చాకే వెళ్ళాలి.

కాగితాల సంగతి మాట్లాడేముందు ఐర్లండ్‌కు జరిగిన నష్టం తెలుసుకోవాలి. లేకపోతే దొరకనిదాని కోసం నెలల తరబడి వెతుకుతూ కూర్చుంటాం. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల ఆవరణలో ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలుడులో, మంటల్లో నాశనమైంది. 1821 నుంచి 1851 దాకా తీసిన నాలుగు జనగణనలు అక్కడక్కడా కొన్ని భాగాలు తప్ప కాలిపోయాయి. ప్రొటెస్టెంట్ల చర్చ్ ఆఫ్ ఐర్లండ్ రిజిస్టర్లలో సగానికి పైగా పోయాయి. వీలునామాలూ పోయాయి. 1861, 1871 జనగణనల్ని ప్రభుత్వమే అంతకుముందే పారేయించింది. 1881, 1891 కాగితాల్ని మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో కాగితపు గుజ్జుగా మార్చేశారు. 1922కి ముందు తీసినవాటిలో పూర్తిగా మిగిలినవి 1901, 1911వి రెండే.

ఇంత జరిగింది కాబట్టి "అన్నీ కాలిపోయాయి, వెతికి లాభం లేదు" అని చాలామంది వదిలేస్తారు. అది తొందరపాటు. కేథలిక్ చర్చి రిజిస్టర్లు ఆ భవనంలో లేవు, ఎక్కడి చర్చిలో అక్కడే ఉన్నాయి కాబట్టి బతికాయి. నేషనల్ లైబ్రరీ ఆఫ్ ఐర్లండ్ తన మైక్రోఫిల్ముల్లోని ఆ పేజీల్ని 2015లో ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. 1880 ప్రాంతం వరకు వెయ్యికి పైగా పారిష్‌ల, అంటే ఒక్కో చర్చి పరిధిలోని ప్రాంతాల, జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు అందులో ఉన్నాయి. పుట్టుకలు, మరణాలు, కేథలిక్ పెళ్ళిళ్ళ ప్రభుత్వ రిజిస్ట్రేషన్ 1864 నుంచి మొదలైంది, ఇతరుల పెళ్ళిళ్ళకు 1845 నుంచే ఉంది. వందేళ్ళు దాటిన పుట్టుకలు, 75 ఏళ్ళు దాటిన పెళ్ళిళ్ళు, 50 ఏళ్ళు దాటిన మరణాల అసలు పేజీల్ని ఐరిష్‌జీనియాలజీ.ఐఇ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో పైసా కట్టకుండా చూడొచ్చు. కాలిపోయినవాటికి ఇతర చోట్ల దొరికిన నకళ్ళను ట్రినిటీ కాలేజ్ డబ్లిన్ వాళ్ళు పోగుచేసి, ఆ మంటలకు సరిగ్గా వందేళ్ళు నిండిన 2022లో అందరికీ తెరిచిపెట్టారు. ఇన్ని రికార్డులు ఉచితంగా దొరుకుతుంటే మొదటి రోజే డబ్బు ఖర్చు పెట్టాల్సిన పనేముంది?

1911 జనగణన ఫారం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తప్పిపోయిన శాఖలకు దారి అక్కడే కనిపిస్తుంది. పెళ్ళైన ఆడవాళ్ళను పెళ్ళై ఎన్నేళ్ళైంది, ప్రాణంతో పుట్టిన పిల్లలు ఎంతమంది, ఇప్పుడు బతికున్నవాళ్ళు ఎంతమంది అని అందులో అడిగారు. ఒక ఇంట్లో పుట్టినవాళ్ళు 10, బతికున్నవాళ్ళు 8 అని రాసి ఉండి, జనగణన రాత్రి ఇంట్లో ఉన్న పిల్లల పేర్లు మూడే కనిపించాయనుకోండి. మిగతా ఐదుగురు ఎక్కడున్నారు? ఒకరు పక్క ఊళ్ళో పాలేరుగా ఉండొచ్చు, ఒకమ్మాయి డబ్లిన్‌లో ఇంటిపనికి కుదిరి ఉండొచ్చు, మిగతావాళ్ళు బోస్టన్‌లోనో లివర్‌పూల్‌లోనో ఉండొచ్చు. వెతకాల్సిన శాఖలు ఎన్నో ఆ ఒక్క కాగితమే లెక్కకట్టి ఇస్తుంది.

వయసుల విషయంలో మాత్రం ఆ ఫారాన్ని నమ్మకండి. 70 ఏళ్ళు నిండినవాళ్ళకు వృద్ధాప్య పింఛను 1909 జనవరి నుంచి వచ్చింది. 1901లో 56 అని రాయించుకున్న మనిషి 1911కల్లా 71 అయిపోవడం తరచూ కనిపిస్తుంది. 1864కి ముందు ప్రభుత్వ జనన నమోదే లేదు కాబట్టి చాలామందికి తమ వయసు నిజంగానే తెలియదు. ఇందులో మనకు కలిసొచ్చిందీ ఒకటుంది. వయసు రుజువు కోసం అప్పట్లో అధికారులు 1841, 1851 జనగణనల్లో ఆ కుటుంబాన్ని వెతికించేవారు. జనగణనలు కాలిపోయినా ఆ వెతుకులాట ఫారాలు మిగిలాయి. అమ్మానాన్నల పేర్లు, ఊరు వాటిలో ఉంటాయి. నేషనల్ ఆర్కైవ్స్ వాటినీ ఉచితంగానే చూపిస్తుంది.

ఇంకా వెనక్కి వెళ్తే 1847, 1864 మధ్య తయారైన గ్రిఫిత్స్ వాల్యుయేషన్ ఉంది. మన అడంగల్ లాంటిదే: ఏ భూమి ఎవరి సాగులో ఉంది, యజమాని ఎవరు, విస్తీర్ణం ఎంత, విలువ ఎంత. అంతకుముందు 1820లు, 30ల్లో చర్చి పన్ను కోసం రాసిన టైథ్ పుస్తకాలున్నాయి. రెండింటిలోనూ కౌలుదారు పేరే తప్ప భార్యాపిల్లల పేర్లుండవు. కౌలు రైతుల కుటుంబానికి 1800 దాటి వెనక్కి వెళ్ళడం చాలా అరుదు. పడమటి జిల్లాల్లో చాలా పారిష్‌ల రిజిస్టర్లే అంతకన్నా ఎంతో ఆలస్యంగా మొదలవుతాయి.

కాగితాల దారిలో అసలు అడ్డం ఊరి పేరు. ఐర్లండ్ 60 వేలకు పైగా టౌన్‌ల్యాండ్లుగా, అంటే చిన్న చిన్న పల్లెలుగా, విడగొట్టి ఉంటుంది. "కార్క్ కౌంటీ, జాన్ మర్ఫీ" అన్న వివరంతో ఎవరూ ఎక్కడికీ చేరలేరు. ఆ పేరుతో వందలమంది కనిపిస్తారు. టౌన్‌ల్యాండ్ కాకపోయినా కనీసం పారిష్ పేరు కావాలి. అది ఐర్లండ్ రికార్డుల్లో దొరకదు, వలస వెళ్ళిన దేశంలో దొరుకుతుంది. ఎక్కువమంది ఇక్కడే తలకిందులుగా వెతుకుతారు: అమెరికా వైపు కాగితాలు వదిలేసి నేరుగా ఐర్లండ్ మీద పడతారు.

బోస్టన్ నుంచి వచ్చే పైలట్ పత్రికలో 1831 నుంచి 1921 దాకా తప్పిపోయిన బంధువుల కోసం ఐరిష్‌వాళ్ళు వేయించిన ప్రకటనలు వేలల్లో ఉన్నాయి. అన్న కోసం చెల్లెలు, మొగుడి కోసం పెళ్ళాం. ఏ పారిష్, ఏ ఏడు బయల్దేరాడు, చివరిసారి ఏ రైల్వే పనిలో ఉన్నట్టు తెలిసింది, ఇవన్నీ రాయించేవారు. చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. బోస్టన్ కాలేజీ వాటిని వెతుక్కోవడానికి వీలుగా ఆన్‌లైన్‌లో పెట్టింది. న్యూయార్క్‌లో 1850లో మొదలైన ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంకు ఖాతాదారుల్ని గుర్తుపట్టడానికి సొంతూరు, తల్లిదండ్రులు, తోబుట్టువుల వివరాలు రాసుకునేది. ఆస్ట్రేలియాలో విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ మరణ ధ్రువపత్రాల్లో అమ్మానాన్నల పేర్లు, పుట్టిన చోటు, పిల్లల పేర్లు ఉంటాయి. అందుకే మీ ముత్తాత అమెరికా వెళ్ళి ఉన్నా, ఆయన తమ్ముడో చెల్లెలో మెల్‌బోర్న్‌లో చనిపోయి ఉంటే ఆ కాగితం కోసం ముందు వెతకండి. తెగిపోయిన కొమ్మే చాలాసార్లు మొదటి ఊరి పేరు చెబుతుంది.

కాగితాల విలువ ఏంటో చెప్పడానికి ఆనీ మూర్ కథ చాలు. 1892 జనవరి 1న న్యూయార్క్ ఎల్లిస్ ఐలాండ్ తెరిచిన రోజు అక్కడ అందరికన్నా ముందు అడుగుపెట్టిన కార్క్ అమ్మాయి ఆమె. ఇద్దరు తమ్ముళ్ళతో వచ్చింది, పది డాలర్ల బంగారు నాణెం బహుమతిగా ఇచ్చారు. ఆమె పడమటికి వెళ్ళి టెక్సస్‌లో వీధి రైలు ప్రమాదంలో చనిపోయిందని దశాబ్దాలపాటు అందరూ నమ్మారు, ఆ కుటుంబాన్ని సభలకు పిలిచి గౌరవించారు కూడా. మెగాన్ స్మోలెన్యాక్ అనే పరిశోధకురాలు రికార్డులు చూస్తే టెక్సస్ ఆనీ అసలు ఇల్లినాయ్‌లోనే పుట్టిందని తేలింది. నిజమైన ఆనీ న్యూయార్క్ దాటలేదు. అక్కడే పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, 1924లో క్వీన్స్‌లోని కాల్వరీ శ్మశానంలో పేరులేని సమాధికి చేరింది. 2006లో ఈ సంగతి బయటపడ్డాక ఆమె అసలు వారసులు వెలుగులోకి వచ్చారు, 2008లో సమాధిపై రాయి నిలబెట్టారు. ఇంట్లో చెప్పుకునే కథ ఎంత అందంగా ఉన్నా, పుట్టిన చోటు రాసి ఉన్న ఒక్క కాగితం ముందు నిలవదు.

మరి డీఎన్ఏ? ఐరిష్ 62 శాతం, స్కాటిష్ 20 శాతం అంటూ వచ్చే రంగుల పటాన్ని చూసి చాలామంది మురిసిపోతారు. అది వెతుకులాటకు పెద్దగా పనికిరాదు. పనికొచ్చేది కింద ఉండే బంధువుల జాబితా. మీతో ఇన్ని సెంటీమోర్గాన్లు (కలిసిన డీఎన్ఏను కొలిచే ప్రమాణం) కలిశాయని చూపించే ఆ పేర్లలోనే కెనడా శాఖ, న్యూజీలండ్ శాఖ దాక్కుని ఉంటాయి. ముత్తాతల తల్లిదండ్రులు ఒకరే అయిన ఇద్దరిలో దాదాపు 90 శాతం జంటలకు కనిపించేంత డీఎన్ఏ కలుస్తుంది. ఇంకో తరం వెనక్కి వెళ్తే అది సగానికి పడిపోతుంది. కాబట్టి పరీక్ష చేయించాల్సింది మీకు కాదు, ఇంట్లో బతికున్న అందరికన్నా పెద్దవాళ్ళకు. నానమ్మ ఒప్పుకుంటే ఆమెతోనే మొదలుపెట్టండి. రెండు తరాలు వెనక్కి వెళ్ళినట్టే.

ఐరిష్ పల్లెల్లో తరతరాలుగా పక్క ఊళ్ళ మధ్యే సంబంధాలు కలుపుకున్నారు. దానివల్ల డీఎన్ఏ అంకె ఉన్నదానికన్నా దగ్గరి చుట్టరికాన్ని చూపిస్తుంది. మేనరికాలు చేసుకునే మన ఇళ్ళలోనూ ఇదే జరుగుతుంది కాబట్టి తెలుగువాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక్క అంకె చూసి "వీళ్ళు మనవాళ్ళే" అనేయకుండా, ఆ మనిషితోనూ మీతోనూ కలుస్తున్న మిగతావాళ్ళెవరో చూసి, వాళ్ళందరి కాగితాల్లో ఒకే ఊరు వస్తోందా అని సరిచూసుకోవాలి. ఇంకో సంగతి, చుట్టం ఉన్నాడని చెప్పగలదు కానీ తాత పేరు, ఊరు డీఎన్ఏ చెప్పదు.

అయితే ఒక చోట కాగితం అబద్ధం చెబుతుంది, డీఎన్ఏ నిజం చెబుతుంది. పెళ్ళికాని తల్లులకు పుట్టిన బిడ్డల్ని వేరే దంపతుల సొంత పిల్లలుగా రిజిస్టరులో రాయించిన కేసులు ఐర్లండ్‌లో ఉన్నాయని 2018లో ప్రభుత్వమే బయటపెట్టింది. అలాంటి మనిషికి జనన ధ్రువపత్రం తిరగేస్తే దొరికేది తప్పుడు తల్లే. చట్టబద్ధంగా దత్తత వెళ్ళినవాళ్ళకూ, ఇలా తప్పుగా నమోదైనవాళ్ళకూ 2022లో వచ్చిన చట్టం తమ జనన వివరాలు పూర్తిగా తెలుసుకునే హక్కునిచ్చింది, వాళ్ళు ముందు ఆ దారినే పోవాలి. డీఎన్ఏతో అవతల ఒక ముసలి తల్లి ఇల్లు కదిలిపోవచ్చు, ఆమె ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు. మొదటి ఉత్తరం నెమ్మదిగా, ఏదీ తేల్చి చెప్పకుండా రాయాలి. మీ వివరాల భద్రత సంగతీ ఆలోచించండి. 2023లో 23అండ్‌మీ అనే డీఎన్ఏ పరీక్షల సంస్థ నుంచి 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025లో ఆ సంస్థ దివాలా కోర్టుకెక్కింది.

డబ్బిచ్చి పని చేయించుకోవాలంటే అర్హత పరీక్షించి సభ్యత్వమిచ్చే అక్రెడిటెడ్ జీనియాలజిస్ట్స్ ఐర్లండ్ సభ్యుల్లో ఒకర్ని చూసుకోండి. ఆన్‌లైన్‌లో లేని ఎస్టేటు కాగితాలు, భూమి చేతులు మారినప్పుడల్లా దిద్దిన వాల్యుయేషన్ పుస్తకాలు చదవడంలో వాళ్ళ అనుభవం పనికొస్తుంది. విలియమ్‌ను గులియెల్ముస్ అని, జేమ్స్‌ను యాకోబుస్ అని లాటిన్‌లో రాసిన అరిగిపోయిన పేజీ కూడా వాళ్ళకు సులువు. కానీ అంతకన్నా ముందు ఐర్లండ్ రీచింగ్ ఔట్ అనే వేదికలో పారిష్‌ల వారీగా స్థానిక స్వచ్ఛంద కార్యకర్తలున్నారు, వాళ్ళను అడగండి. ఫలానా ఇల్లు ఎక్కడుండేది, ఆ ఇంటివాళ్ళను ఊళ్ళో ఏ మారుపేరుతో పిలిచేవారు అన్నది ఏ పరిశోధకుడికన్నా ఆ ఊరివాళ్ళకే బాగా తెలుసు.

ఐరిష్ పౌరసత్వం కోసం వెతికేవాళ్ళకు లెక్క వేరే. తాతో అమ్మమ్మో ఐర్లండ్‌లో పుట్టి ఉంటే ఫారిన్ బర్త్స్ రిజిస్టరులో నమోదు చేయించుకోవచ్చు. దానికి కావలసింది జనన, వివాహ, మరణ ధ్రువపత్రాల వరుస. డీఎన్ఏ జాబితాతో అక్కడ పని లేదు, ఆ డబ్బు సర్టిఫికెట్లకు పెట్టండి.

సికింద్రాబాద్, గుంతకల్ వైపు ఆంగ్లో ఇండియన్ ఇళ్ళలో ఐరిష్ తాత గురించి చెప్పుకునేవాళ్ళు నేరుగా డబ్లిన్ రికార్డుల మీద పడొద్దు. ఆ తాత సిపాయిగా ఇక్కడికే వచ్చి ఉండొచ్చు: పాత మద్రాస్ యూరోపియన్ రెజిమెంటే పేర్లు మారుతూ 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్స్ మొదటి బెటాలియన్ అయింది. మద్రాస్ ప్రెసిడెన్సీలోని చర్చిల జ్ఞానస్నానం, పెళ్ళి, సమాధి వివరాల నకళ్ళు లండన్‌కు పంపేవారు, అవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర చూసే ఫిబిస్ అనే సంఘం వెబ్‌సైట్లో పేరుతో ఉచితంగా వెతకొచ్చు. అక్కడ రెజిమెంటు పేరు దొరికితే, బ్రిటిష్ సైన్యం సిపాయిల పింఛను కాగితాలు లండన్ శివారులో క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. పుట్టిన పారిష్, కౌంటీ వాటిలో రాసి ఉంటుంది. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరినవాళ్ళైతే ఆ పుస్తకాలు మళ్ళీ బ్రిటిష్ లైబ్రరీలోనే. ఆ పారిష్ పేరు చేతికొచ్చిన తర్వాత నేషనల్ లైబ్రరీ రిజిస్టర్లు తెరిచి, ఆయన పుట్టిన ఏడుకు అటూ ఇటూ పదేళ్ళు వరుసగా చదవండి. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఆ పేజీల్లోనే ఉంటారు.