పాత కామిక్స్‌కి కవరు, అట్ట, డబ్బా: ఏళ్లు వాడాక ఏవి నిలిచాయి

ముందే చెప్పేస్తాను: డబ్బు పుస్తకం వెనక ఆసరాగా పెట్టే అట్టకి పెట్టండి, ప్లాస్టిక్ కవరుకి కాదు. అమర్ చిత్ర కథలు, ఇంద్రజాల్ కామిక్స్, పాత చందమామలు... అన్నీ పిన్నులు కొట్టిన పల్చటి పుస్తకాలే. ఊరికే నిలబెడితే నడుం వంగిపోతాయి. దొంతరగా పేరిస్తే అడుగున ఉన్నవాటి మడత పక్కకి జరుగుతుంది. 1990లో ఆగిపోయిన ఇంద్రజాల్‌లో ఆఖరి సంచికకి కూడా ముప్పై ఏళ్లు దాటాయి, కాగితంలో ఇక పస లేదు. వెనక అట్ట లేకపోతే ఎంత ఖరీదైన కవరైనా ఆ వంపుని ఆపలేదు.

కామిక్స్ కోసమని విదేశాల నుంచి వచ్చే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ కవర్లకీ, మన దగ్గర చొక్కాలు ప్యాక్ చేసే కవర్లకీ వాడకంలో పెద్ద తేడా కనిపించలేదు. ప్యాకింగ్ సామాను అమ్మే హోల్‌సేల్ షాపులో 50 మైక్రాన్లది అడగండి. గేజి లెక్కలో చెప్పేవాళ్లకి అది 200. అంతకన్నా పల్చనైతే అట్ట మూలలు పొడుచుకొస్తాయి. పక్కన అతుకు దగ్గర చిన్న గాటు పడిందంటే కింది దాకా చీలిపోతుంది, ఆ కవరు ఇక పనికిరాదు. పుస్తకం వెడల్పు కంటే అరంగుళం, ఎత్తు కంటే కవరు నోరు మూసే మడతతో కలిపి రెండంగుళాలు ఎక్కువ ఉండాలి. అమెరికన్ కామిక్ సైజుని నమ్మి వంద కవర్లు తెప్పించుకోకండి. మన పాత సంచికలు కొన్ని అందులో దూరనే దూరవు. స్కేలు పెట్టి కొలిచాకే కొనండి.

బంక ఎక్కడుందో కూడా చూసుకోవాలి. మడత మీద బంక ఉంటే, పుస్తకం బయటికి తీసేటప్పుడు ముఖచిత్రం దానికి తగిలి రంగు పొరతో సహా ఊడొస్తుంది. బంక కవరు ఒంటి మీద ఉండే రకం మేలు. అది దొరక్కపోతే బంక మీది కాగితం పీకకుండా, మడతని అట్ట వెనక్కి తిప్పి వదిలేయడమే. ఘాటు వాసన వచ్చే మెత్తటి పీవీసీ ఫైలు కవర్లు అసలు వద్దు. వాటిలోంచి ఊరే జిడ్డు సిరాని పట్టుకుని ముఖచిత్రాన్ని కవరుకి అతికించేస్తుంది. మైలార్ (గట్టి పాలియెస్టర్ ఫిల్మ్) గొప్పదే, దశాబ్దాలు పసుపెక్కదు. కానీ సేకరణ మొత్తానికీ మైలార్ అంటే దండగ. బాగా అరుదైన పదిపన్నెండు పుస్తకాలకి వాడుకుని, మిగతావాటికి మామూలు కవర్లు మసకబారినప్పుడల్లా మార్చుకుంటే సరిపోతుంది.

అట్ట విషయంలో మాత్రం రాజీ పడొద్దు. బైండింగ్ షాపు బూడిదరంగు అట్టలో ఆమ్లం ఎక్కువ, కొన్నేళ్లకి పుస్తకం వెనక గోధుమరంగు నీడ దిగుతుంది. డ్యూప్లెక్స్ బోర్డు ఒక పక్కే తెలుపు, తిప్పి చూస్తే అదే బూడిదరంగు. రెండు వైపులా తెల్లగా, 0.6 మిల్లీమీటర్ల మందం ఉన్నది కావాలి. ఆమ్లం పరీక్షించే పెన్నుతో ఓ మూల గీయండి: ఊదారంగు వస్తే మంచిది, పసుపు వస్తే తిరిగిచ్చేయండి. ‘యాసిడ్ ఫ్రీ’ అని ముద్రించినవాటి మీదా ఓ గీత గీసి చూడాల్సిందే. ఆమ్లాన్ని విరిచే పూత నున్నటి వైపే ఉంటుంది కాబట్టి ఆ వైపే పుస్తకానికి తగలాలి.

ఏ ప్యాకెట్ మీదా రాయని సంగతి ఒకటుంది. వానాకాలంలో కాగితం గాలిలో చెమ్మని పీల్చుకుని ఉంటుంది. అప్పుడు కవర్లో పెట్టి మూస్తే ఆ చెమ్మనీ లోపల దాచినట్టే. మొదట పిన్నుల చుట్టూ తుప్పు, తర్వాత బూజు చుక్కలు. జులైలో కొన్న పుస్తకాలని గాలాడే చోట, కాగితపు కవర్లలో ఉంచి, ఫిబ్రవరి, మార్చిలో ప్యాక్ చేయండి. ఎండలో ఆరబెట్టొద్దు, రంగులు వెలిసిపోతాయి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వేసవిలోనూ తేమ తగ్గదు కాబట్టి సిలికా జెల్ తప్పదు. మూత గట్టిగా పట్టే 50 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాకి 200 గ్రాములు వేస్తే చాలు. నారింజ రంగు గుళికలు ఆకుపచ్చకి తిరిగితే ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాలి. ఎండ వేడి సరిపోదు. డబ్బాలో తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ పడేయండి: 45, 55 శాతం మధ్య ఉంటే నిశ్చింత, 65 దాటితే బూజుకి దారి తెరిచినట్టే.

కలరా ఉండలు వేస్తే ఆ వాసన పుస్తకాన్ని వదలదు. వేపాకు పచ్చిదైతే మరకలు, ఎండిందైతే మన తృప్తి కోసం. రామబాణం పురుగు కనిపిస్తే పుస్తకాన్ని గాలి చొరని కవర్లో మూసి రెండు వారాలు డీప్ ఫ్రీజర్లో పెట్టండి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పొద్దు, లేకపోతే కాగితానికి నీరు పడుతుంది.

కొనేటప్పటి సరదా వేరు. ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంటు మీద పుస్తకం చేతికి రాగానే ముఖచిత్రం కాదు, నడిమధ్య చూడండి. పిన్ను తుప్పు పడితే ముందు జారిపోయేది అక్కడి కాగితమే. 32 పేజీల పుస్తకమైతే 15 నుంచి 18 వరకూ ఒకేసారి పోతాయి. ఒకే కాగితం ఒకే వైపున్న రెండు పేజీల నంబర్లు కూడితే 33 రావాలి. అంటే 5వ పేజీ చిరిగి పోయి ఉంటే 28వది కూడా వదులైందేమో చూసుకోవాలి. అమర్ చిత్ర కథలో మొదటి పది నంబర్ల కోసం కాళ్లరిగేలా తిరగకండి. అవి పాశ్చాత్య కథలకి కన్నడ అనువాదాలు, మనకి తెలిసిన వరస 11వ నంబరు ‘కృష్ణ’తోనే మొదలు.

అద్దె పుస్తకాల షాపు నుంచి వచ్చినవాటికి పక్క నుంచి తీగ కుట్టు ఉంటుంది. అది విప్పే ప్రయత్నం చేయొద్దు, లోపలి అంచు చినుగుతుంది. ఏడాది సంచికలు కలిపి బైండు చేసిన చందమామల్లో ముఖచిత్రాలు తీసేసి ఉండొచ్చు, కటింగ్ మిషన్‌లో బొమ్మల అంచులూ పోయి ఉండొచ్చు. దాచుకునేవాళ్లు వాటిని ముట్టుకోరు. చదువుకోవడానికి మాత్రం అవే హాయి: అట్టా కవరూ అక్కర్లేదు, బేరమూ తొందరగా తెగుతుంది.