ఇషాపూర్ కటవే రైఫిల్: కొనే ముందు చూడవలసినవి

ఎన్.సి.సి.లో త్రీ నాట్ త్రీ రైఫిల్ పట్టుకొని ‘ఖోల్నా జోడ్నా’ నేర్చుకున్నవారు వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఇప్పటికీ చాలామంది ఉన్నారు. బోల్టు (తూటాను లోపలికి తోసి గదిని మూసే కడ్డీ) ఊడదీయడం, తిరిగి బిగించడం చేతికి వచ్చినా, గుండు గదిలోకి ఎలా ఎక్కుతుందో, ట్రిగ్గర్ వెనుక ఏమి కదులుతుందో బయటి నుంచి చూసి తెలుసుకోవడం సాధ్యం కాదు. దానిని కళ్లకు కట్టడానికే సైనిక శిక్షణ తరగతుల కోసం కొన్ని రైఫిళ్లకు శాశ్వతంగా కిటికీలు కోయించేవారు. సేకరించేవారు కటవే అని పిలిచే ఈ రైఫిళ్లు కొద్ది సంఖ్యలోనే తయారయ్యాయి కనుక దొరకడం కష్టం. హైదరాబాద్‌లోని ఒక పాత వస్తువుల వ్యాపారి నుంచి కొని హనుమకొండలోని మా ఇంటికి తెచ్చుకున్న అలాంటి ఒక రైఫిల్ గురించి ఈ సమీక్ష.

ఇది బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన షార్ట్ లీ ఎన్‌ఫీల్డ్ అనే త్రీ నాట్ త్రీ రైఫిల్, మార్క్ 3 స్టార్ రకం. బోల్టు పిడికి దిగువన కిరీటం, దాని కింద చక్రవర్తి జార్జిని సూచించే జి.ఆర్.ఐ. అక్షరాలు, ఇషాపూర్ పేరు, 1942 సంవత్సరం ముద్రించి ఉన్నాయి. స్వాతంత్ర్యం తరువాత తయారైన వాటిపై ఆ కిరీటానికి బదులు అశోక సింహాలు కనిపిస్తాయి. మార్క్ 3 నమూనా 1907లో బ్రిటిష్ సైన్యంలోకి రాగా, యుద్ధకాలంలో తయారీని తేలిక చేయడానికి 1916లో దానిని సరళం చేసి స్టార్ గుర్తు చేర్చారు.

ఈ రైఫిల్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది మ్యాగజైన్ పక్కన కోసిన కిటికీ. అందులో నుంచి మడతలు పడిన స్ప్రింగు, దానిపై లేచే పళ్లెం, ఒకదానిపై ఒకటి కూర్చునే తూటాలు స్పష్టంగా కనిపిస్తాయి. త్రీ నాట్ త్రీ తూటా అడుగున అంచు ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు పడకపోతే బోల్టు తోసినప్పుడు రెండూ ఒకదానికొకటి తగులుకొని ఆగిపోతాయి. ఉపన్యాసంలో ఎంతసేపు చెప్పినా అర్థం కాని ఈ విషయం, హనుమకొండలో చెక్క లేత్ పనివారితో చేయించిన డమ్మీ తూటాలను నింపి చూపితే ఎవరికైనా క్షణంలో అర్థమవుతుంది. బోల్టుకు కోసిన సన్నని చీలికలో మెయిన్ స్ప్రింగు కనిపిస్తుంది. బోల్టును ముందుకు తోసే చివరి భాగంలో కాకింగ్ పీస్ (బోల్టు వెనుక చివరనున్న ముక్క) సియర్‌కు (ట్రిగ్గర్ లాగేవరకు దానిని పట్టి ఉంచే కొక్కేనికి) తగులుకొని ఆగగా, ఆ తోపుతోనే స్ప్రింగు బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ పైభాగంలోని రెండు ఉబ్బులు వరుసగా సియర్‌ను నొక్కడం వల్లనే మొదట తేలికగా, తరువాత గట్టిగా రెండు దశల్లో లాగవలసి వస్తుందని కూడా ఇక్కడ కళ్లారా చూడవచ్చు. బ్యారెల్ కోతలో ఎడమకు మెలితిరిగే గాడులు కనిపిస్తాయి కానీ, కోత పొట్టిగా ఉండడం వల్ల మొత్తం ఐదు గాడులనూ లెక్కించలేము.

కొనేవారు ముఖ్యంగా గమనించవలసింది కోతల తీరును. శిక్షణ కోసం కోసిన వాటిలో ప్రతి కిటికీ ఏదో ఒక కదలికను చూపడానికే ఉంటుంది. అంచులు మిషన్ మీద నునుపుగా తీసి, కోసిన చోటు వెంటనే తెలిసేలా ఎర్ర రంగు వేసి ఉంటారు. కవాతుకు వాడిన డి.పి. (డ్రిల్ పర్పస్) రైఫిళ్లు పైకి సంపూర్ణంగానే ఉంటాయి. వాటికి ఇటీవల గ్రైండర్‌తో రంధ్రాలు పెట్టి కటవేలుగా అమ్మేవారున్నారు. అటువంటి వాటిలో కోత ముఖం కొత్త ఇనుములా మెరుస్తుంది, చెక్కపై కోత లోహంపై కోతతో సరిపడదు, కిటికీలో చూడదగిన భాగమేదీ ఉండదు. నా రైఫిల్‌లో పాత ఎరుపు రంగు కుంచె గీతలతో సహా మిగిలి ఉంది, దాని కింద కోత ముఖం కూడా బ్యారెల్ రంగులోనే నల్లబడింది. ధర ఎక్కువే అయినా, ఈ ఒక్క లక్షణం కోసమే ఇచ్చాను.

అయితే వ్యాపారి చేసిన ఒక పని నన్ను బాధించింది. అమ్మకానికి ముందు చెక్కంతటికీ మెరిసే వార్నిష్ పూయించడంతో చెక్కపై ఉన్న పాత ముద్రలు పూడిపోయాయి. టర్పెంటైన్‌తో నెమ్మదిగా తుడిచి, అవిసె నూనె పలుచగా పట్టిస్తే కొన్ని తిరిగి కనబడ్డాయి, కొన్ని పోయినట్లే. ఇటువంటి వస్తువును కొత్తదానిలా చేయడం దాని చరిత్రను చెరపడమేనని అమ్మేవారికి కొనేవారే గట్టిగా చెప్పాలి.

చట్టం సంగతి తేల్చుకోకుండా బయానా ఇవ్వకూడదు. మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరాని పాత నమూనా ఆయుధాలకు 1959 ఆయుధ చట్టంలోని 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. ఇక్కడ ‘మరమ్మతు చేసినా’ అన్న మాటే కీలకం. గుండు గది, బ్యారెల్, బోల్టు మూడూ కోసి ఉన్న రైఫిల్ విషయంలో సందేహం తక్కువ. కేవలం ఫైరింగ్ పిన్ (తూటాను పేల్చే సూది) తీసేసిన రైఫిల్‌కు ఆ మాట చెప్పలేము. నేను ముందుగా ఫోటోలతో కమిషనరేట్‌లో దరఖాస్తు పెట్టి, లిఖితపూర్వక సమాధానం వచ్చిన తరువాతే డబ్బు చెల్లించాను. ఆ కాగితం రైఫిల్‌తో పాటే ఉంటుంది.

ముసురు పట్టే నెలల్లో మన దగ్గర కోత ముఖాలకు తుప్పు త్వరగా ఎక్కుతుంది కనుక, పలుచని మిషన్ ఆయిల్ గుడ్డతో అద్దడం తప్పనిసరి. రంగు ఉన్న చోటికి మాత్రం నూనె తగలనివ్వకూడదు. తొలిసారి కొనేవారికి రెండు రైఫిళ్లు ఎదురైతే, బ్యారెల్ పొడవునా కోసి ఆకర్షణీయంగా కనిపించేదాని కంటే, మ్యాగజైన్, ట్రిగ్గర్ కిటికీలు ఉండి బోల్టు ఇంకా ఆడుతున్నదానినే తీసుకోమంటాను.